పేజీకి పట్టని నాలుగో కాలమ్

అడ్రసుల టీచర్‌కి కోపం ముక్కు మీదే ఉంటుందని స్కూల్లో అందరూ అంటారు. ఆ అనేవాళ్లలో సగం మంది ఆవిడ దగ్గర ఎప్పుడో ఒకప్పుడు సాయం పొందినవాళ్లే. ఆవిడ పదకొండు, పన్నెండు తరగతులకి అర్థశాస్త్రం, వ్యాపార అధ్యయనం చెబుతుంది. వయసు యాభై రెండు. కళ్లజోడు తాడుకి వేలాడుతూ ఉంటుంది. అది పెట్టుకోకుండా మాట్లాడుతోందంటే భయం లేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ తీసి పెట్టుకుందంటే మాత్రం ఎదుటి మనిషి పని అయిపోయినట్టే.

ఆ పేరు వెనక పన్నెండేళ్ల చాకిరీ ఉంది. స్కూలుకి కంప్యూటర్ల గది వచ్చిన కొత్తల్లో, ఇకనుంచి పాఠాలకి ఇంటర్నెట్ వాడి తీరాలని పైనుంచి ఒక కాగితం వచ్చింది. ఏం వాడాలి, అది ఎక్కడ దొరుకుతుంది, నలభై నిమిషాల పీరియడ్‌లో ఆ పేజీ తెరుచుకోకపోతే పిల్లల్ని ఏం చెయ్యాలి అన్నది ఆ కాగితం రాసిన మహానుభావుడు చెప్పలేదు. పద్నాలుగు కంప్యూటర్లలో తొమ్మిదే పనిచేసేవి. ఆ తొమ్మిదింటిలోనూ ఒకదానికి సున్నా మీట నొక్కితే పడేది కాదు. అంకెలతో బతికే సబ్జెక్టుకి సున్నా లేని యంత్రం ఇచ్చారని ఆవిడ వారం రోజులు కనపడినవాళ్లందరికీ చెప్పి మరీ తిట్టింది. తిట్టడం అయ్యాక, ఒక ఆదివారం పొద్దున్న ఇంట్లో భోజనాల బల్ల మీద సగం ఖాళీ చేసుకుని, తనే వెతకడం మొదలుపెట్టింది.

ఆ ఆదివారం పన్నెండేళ్ల ఆదివారాలైంది. ఆవిడ భర్తది పోస్టాఫీసులో పార్సిళ్లు తూచే ఉద్యోగం. నోట్లో నాలుక లేని మనిషి అంటారు గానీ, ఉన్న నాలుకని ఆయన పొదుపుగా వాడతాడు, అంతే. ఆదివారం పొద్దున బల్లలో తన సగం తాను తుడుచుకుని, ఆవిడ సగం జోలికి పోకుండా టిఫిన్ తిని లేచేవాడు. ఆవిడ ఒక్కో సైటూ తెరిచేది. మొదటి తెర నుంచి చివరి తెర దాకా, స్కూల్లో పిల్లలు ఎక్కడెక్కడ నొక్కుతారో అక్కడల్లా తనూ నొక్కి చూసేది. అర్థశాస్త్రం చెప్పడానికి పనికొచ్చే వెబ్‌సైట్లంటూ లోకంలో వేలున్నాయి. వాటిలో నూటికి తొంభై పాఠ్యపుస్తకాన్నే తెచ్చి తెర మీద అతికించినవి. మిగిలిన పదిలో కొన్ని ఎవరో కంపెనీవాళ్లు సొంత డబ్బా కొట్టుకోవడానికి పెట్టినవి. అవి కూడా పోను చేతిలో మిగిలినవాటిని ఆవిడ జాబితాలో ఎక్కించేది.

జాబితాకి నాలుగు కాలమ్‌లు. మొదటిది సైట్ అడ్రసు. రెండోది ఏ పాఠానికి పనికొస్తుందో. మూడోది ఎన్ని నిమిషాలు పడుతుందో. నాలుగోది అన్నిటికన్నా వెడల్పు, దాని నెత్తిన 'జాగ్రత్త' అని ఉండేది. అసలు జాబితా అంతా అక్కడే ఉంది. 'ఈ గ్రాఫులో గీత సున్నా నుంచి మొదలవదు, చిన్న తేడాని కొండంత చూపిస్తుంది, పిల్లలకి ముందే చెప్పండి.' 'షేర్ల ఆట బాగుంది, కానీ నాలుగో తెరలో ఫోన్ నంబరు అడుగుతుంది, చచ్చినా ఇవ్వనివ్వకండి.' 'వడ్డీ రేటు తిప్పి దేశాన్ని నడిపే ఆట. మొదటిసారి అందరూ దేశాన్ని ముంచుతారు. ముంచనివ్వండి, కంగారు పడకండి.' 'ఈ కంపెనీ రిపోర్టులో బొమ్మలు తీసేస్తే ఐదు పేజీలే మిగులుతాయి, ఆ ఐదే చదివించండి.' ఇలా ఉండేవి రాతలు. పక్క స్కూళ్ల టీచర్లు అడిగి రాసుకుపోయేవాళ్లు. ఫలానా పాఠానికి అడ్రసేదైనా ఉందా టీచర్ అని ఫోన్లు వచ్చేవి. అలా అడ్రసుల టీచరైంది.

సైట్లు ఊరికే చచ్చిపోతుంటాయి. నిరుడు తెరుచుకున్నది ఈ ఏడు తెరుచుకోదు, తెరుచుకుంటే లోపల ఇంకేదో అమ్ముతుంటారు. అందుకని ప్రతి సెలవుల్లోనూ ఆవిడ మొత్తం జాబితాని మొదటి నుంచి చివరి దాకా మళ్లీ తెరిచి చూసేది. ఒక్క పైసా ఎవరూ ఇవ్వలేదు. ఎవరినీ అడగలేదు కూడా.

జాబితాలో నూట ముప్పై ఆరో అడ్రసు ఒక బుట్ట ఆట. కథంతా దీనితోనే వచ్చింది కాబట్టి కాస్త వివరంగా చెప్పుకోవాలి.

ధరలు ఏడాదికి ఎంత వేగంగా పెరుగుతున్నాయో చెప్పే అంకెని ద్రవ్యోల్బణం అంటారు. అది పది శాతం నుంచి ఆరు శాతానికి దిగిందంటే ధరలు దిగాయని అర్థం కాదు. ధరలు ఇంకా పెరుగుతూనే ఉన్నాయి, ఇదివరకటి కంటే కాస్త నెమ్మదిగా. వందకి కొన్న సరుకుల బుట్ట మొదటి ఏడు నూటపదైతే, రెండో ఏడు నూటపదహారు దాటుతుంది. ఇంతే విషయం. బుట్ట ఆటలో రంగురంగుల బొమ్మలుంటాయి, కూరలు బుట్టలోకి దూకుతాయి, సంగీతం వస్తుంది, అంకెలు చకచకా మారతాయి. అన్నీ సవ్యంగా నడిచి, ఆఖరి తెరలో బుట్టకి కళ్లూ నోరూ వచ్చి ఇలా చెబుతుంది: 'ద్రవ్యోల్బణం పది నుంచి ఆరుకి తగ్గింది. అంటే ధరలు తగ్గాయి. సంతోషంగా కొనుక్కోండి.'

పచ్చి తప్పు. ఆవిడ ఆ సైట్‌ని జాబితాలో పెట్టింది ఆ తప్పు కోసమే. నాలుగో కాలమ్‌లో ఇలా రాసింది: 'చివరి తెర అబద్ధం. ఎక్కడుందో చెప్పకండి. ఇందులో ఒక అబద్ధం ఉంది, పట్టుకోండి అని మాత్రం చెప్పి ఆటలోకి వదలండి. పట్టుకున్నవాళ్ల చేతే అది ఎందుకు అబద్ధమో బోర్డు మీద చెప్పించండి. ఈ సైట్ ఇందుకు తప్ప దేనికీ పనికిరాదు.'

తప్పుని ఒప్పని నమ్మకుండా ఉండటమే సగం అర్థశాస్త్రం అని ఆవిడ నమ్మకం. ఏటా బుట్ట ఆట రోజున కంప్యూటర్ల గదిలో ఒక్కో తెర ముందూ నలుగురైదుగురు ఒకరి మీద ఒకరు పడి వెతుకుతారు. ఈ కథ జరిగిన ఏడు మొదట పట్టుకున్నది దర్జీ పెద్ద కూతురు. స్కూలుకి రెండు వీధుల అవతల వాళ్ల నాన్నది ఒంటి గది కొట్టు, రెండు కుట్టు మిషన్లు. అమ్మాయి మాటలు తక్కువ, చూపు ఎక్కువ. చెయ్యి ఎత్తకుండానే లేచి నిలబడింది.

"చివరి తెర టీచర్. మా నాన్న దారం రీళ్లు కొంటాడు కదా, నిరుడు ఒక్కసారిగా పెంచేశారు, ఈ ఏడు కొంచెమే పెంచారు. కొంచెమే పెంచారని మా నాన్న సంతోషించాడు గానీ, తగ్గిందని ఎప్పుడూ అనలేదు."

ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "రా, ఆ రీలు లెక్క బోర్డు మీద వెయ్యి" అంది. ఆ పిల్ల వేసింది. ఆ తరగతిలో నలభై ఒక్క మందికీ జన్మలో మర్చిపోనంతగా అర్థమైంది.

ఆ పిల్ల మీద ఆవిడ పెద్ద ఆశే పెట్టుకుంది. ఫీజు లేకుండా చదువు చెప్పే వాణిజ్య కాలేజీ ఒకటుంది. ఉమ్మడి పరీక్షలో అర్థశాస్త్రం మార్కుల వరుసలో మొదటి అరవై మందిని తీసుకుంటారు. అరవై ఒకటో మనిషికి నమస్కారం పెట్టి పంపించేస్తారు. దర్జీ తన సంపాదనతో ఫీజు కట్టి చదివించే సీటు ఇంకెక్కడా లేదు. అందుకే ఆ అరవైలో ఉండటం తప్ప ఆ పిల్లకి వేరే దారి లేదు, ఆ సంగతి టీచర్‌కీ తెలుసు, పిల్లకీ తెలుసు.

అదే ఏడాది బోధన వనరుల కేంద్రం నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. తియ్యగా మాట్లాడాడు. మీ జాబితా గురించి చాలా విన్నాం మేడమ్, పుస్తకంగా వేసి అన్ని స్కూళ్లకీ పంచుతాం అన్నాడు. ఆవిడ పొంగిపోయిందనే చెప్పాలి. అడిగిన మరునాడే ఫైలు పంపించింది. మూడు నెలలకి పుస్తకం వచ్చింది. అట్ట మీద 'అర్థశాస్త్రం, వ్యాపార అధ్యయనం: ఉపయోగపడే వెబ్‌సైట్లు' అని పెద్ద అక్షరాలు, కింద ఆ ఆఫీసరు పేరు. ఆవిడ ఊరూ పేరూ ఎక్కడా లేవు. దానికి ఒళ్లు మండలేదా అంటే మండింది. కానీ అది చిన్న మంట. లోపల పేజీలు తిప్పింది. అడ్రసు ఉంది, పాఠం ఉంది, నిమిషాలున్నాయి. నాలుగో కాలమ్ లేదు. రెండు వందల పద్నాలుగు సైట్లకి ఒక్కదానికీ లేదు.

స్టాఫ్ రూమ్‌లో నుంచే వనరుల కేంద్రానికి ఫోన్ చేసింది. పేజీలు కూర్చినతను ఎత్తాడు.

"నాలుగో కాలమ్ ఏమైందయ్యా?"

"పేజీకి పట్టలేదు మేడమ్. అది మరీ వెడల్పుగా ఉంది. అడ్డంగా పెట్టి చూశాం, అందం చెడింది. మూడైతే నీటుగా వచ్చాయి."

"అది తీసేస్తే మిగిలిందేమిటి? నూట ముప్పై ఆరో సైట్ తప్పు చెబుతుంది. తప్పని నేను రాశాను. ఆ రాసింది నువ్వు తీసేశావు."

"అవి మీ సొంత అభిప్రాయాలే కదా మేడమ్ అనుకున్నాం. సరే, మళ్లీ వేసినప్పుడు చూద్దాం."

అభిప్రాయాలట. విషం సీసా మీద అంటించిన కాగితం కూడా అతని లెక్కలో అభిప్రాయమే అయి ఉంటుంది. ఆవిడ ఒక ఉత్తరం రాసింది, జవాబు లేదు. నెలాగి రెండోది రాసింది, గోడకి చెప్పుకున్నట్టే అయింది. మనిషిగా వెళ్లి బల్ల గుద్ది అడుగుదామనుకుంది. ఇంతలో ప్రాక్టికల్స్ వచ్చాయి, తర్వాత పరీక్షల డ్యూటీలు వచ్చాయి. వెళ్లలేదు. ఆ వెళ్లకపోవడం ఆవిడని తర్వాత చాలా కాలం తొలిచింది.

ఉమ్మడి పరీక్ష అయింది. ఫలితాలొచ్చాయి. ఆవిడ క్లాసు పిల్లలవి ప్రశ్నల వారీగా మార్కులు చూస్తుంటే పదిహేడో ప్రశ్న దగ్గర ఒక సున్నా కనపడింది. తర్వాతి పిల్లకీ సున్నా. ఆ తర్వాతి పిల్లాడికీ సున్నా. నలభై ఒక్క మందికి నలభై ఒక్క సున్నాలు. నాలుగు మార్కుల ప్రశ్న. ద్రవ్యోల్బణం పది శాతం నుంచి ఆరు శాతానికి తగ్గితే ధరలేమవుతాయో వివరించమని అడిగారు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, పరీక్షల ఆఫీసువాళ్లు పెట్టిన జవాబుల కాగితం తెరిచింది. 'ధరలు తగ్గుతాయి' అని ఉంది. కింద చిన్న అక్షరాల్లో ఆధారం: వనరుల కేంద్రం పుస్తకం, పంతొమ్మిదో పేజీ.

పంతొమ్మిదో పేజీలో బుట్ట ఆట ఉంది. ప్రశ్న వేసిన పెద్దమనిషి పుస్తకం తెరిచి, అడ్రసు నొక్కి, ఆట ఆడి, బుట్ట చెప్పింది వేదమనుకుని ప్రశ్నా జవాబూ రెండూ అక్కణ్నుంచే ఎత్తి రాశాడు. ఆయన అర్థశాస్త్రం చదువుకునే ఉంటాడు కదా, ఒక్క క్షణం ఆగి ఆలోచించవద్దూ అని ఎవరైనా అనుకోవచ్చు. ఆలోచించడం ఆయన పనుల జాబితాలో ఉన్నట్టు లేదు. మిగతా స్కూళ్లలో ఆ పుస్తకం చూసి చెప్పిన టీచర్లు కూడా బుట్ట మాటనే చెప్పారు, వాళ్ల పిల్లలు అదే రాశారు, వాళ్లకి నాలుగుకి నాలుగు పడ్డాయి. సరిగ్గా రాసింది ఆవిడ క్లాసూ, అక్కడక్కడా ఓ పాతిక ముప్పై మందీ.

దర్జీ కూతురు అరవై రెండో స్థానంలో ఉంది. అరవయ్యో మనిషికీ ఆ పిల్లకీ రెండు మార్కుల తేడా.

ఆ సాయంత్రం ఇంట్లో గిన్నెలు మామూలు కన్నా గట్టిగా చప్పుడు చేశాయి. భర్త చాలాసేపు విని, చివరికి నోరు విప్పాడు.

"ఒక మాటంటే కోప్పడవు కదా?"

"కోప్పడతాను. చెప్పు."

"ఆ జాగ్రత్త అన్నది మొదటి కాలమ్‌లో పెట్టాల్సింది. మేమైతే పగిలే సామాను మీద ఆ మాట అడ్రసు కన్నా ముందు అంటిస్తాం."

ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మాటలో నిజం ఉండబట్టే అంత ఎక్కింది.

అభ్యంతరం పెట్టాలంటే పరీక్ష రాసిన మనిషే దరఖాస్తు మీద సంతకం చెయ్యాలన్నారు. అందుకని మర్నాడు పిల్లని వెంటబెట్టుకుని పరీక్షల ఆఫీసుకి వెళ్లింది. పరీక్షల అధికారి బల్ల మీద అద్దం పరిచి ఉంది, దాని మీద ఒక్క కాగితం కూడా లేదు. ఆయన చేతిరుమాలుతో ఆ అద్దాన్ని తుడుస్తూనే మాట్లాడాడు.

"మీరు చెప్పేది నాకు అర్థమైంది మేడమ్. కానీ ఆ సైట్ మీ జాబితాలోదే అంటున్నారు కదా మరి."

"నా జాబితాలోదే. అందులో తప్పుందని నా జాబితాలోనే ఉంది." ఆవిడ అసలు జాబితా ప్రింటు తీసి అద్దం మీద పరిచింది. నూట ముప్పై ఆరో వరుస కింద ఎర్ర గీత గీసి ఉంది. "చదవండి."

ఆయన చదివాడు. ఒకసారి పిల్ల వంక చూశాడు. మళ్లీ కాగితం వంక చూశాడు.

"పిల్లలకిచ్చే వాటిలో తప్పులున్నవి పెట్టడమెందుకు మేడమ్? మంచివే పెట్టుకోవచ్చుగా."

"పెద్దయ్యాక వాళ్లకి దొరికేవన్నీ మంచివేనా? పేపర్లో ఇదే రాస్తారు, టీవీలో ఇదే చెబుతారు, ధరలు తగ్గాయని. అప్పుడు పట్టుకోగలగాలని పెట్టాను. మీ ప్రశ్న వేసినాయన పట్టుకోలేకపోయాడు. ఆయన నా క్లాసులో కూర్చుని ఉంటే పట్టుకునేవాడు."

పిల్ల నేల చూపులు చూస్తోంది. నవ్వు ఆపుకుంటోందని ఆవిడకి తెలిసింది. అధికారికి మాత్రం నవ్వు రాలేదు.

"సరే, జవాబు తప్పని ఒప్పుకుందాం. ఇప్పుడేం చెయ్యమంటారు?"

"ఆ ఒక్క ప్రశ్న మళ్లీ దిద్దించండి. సరిగ్గా రాసినవాళ్లకి నాలుగు వెయ్యండి. తప్పు రాసినవాళ్లకి వేసిన నాలుగు తీసెయ్యండి."

"వేసినవి తీస్తే తల్లిదండ్రులు ఊరుకుంటారా? అయినా కాగితాలన్నీ కట్టలు కట్టేశాం. కమిటీలో పెడతాను. న్యాయం జరుగుతుంది లెండి."

నాలుగు రోజులకి కమిటీ న్యాయం జరిపించింది. పదిహేడో ప్రశ్న విషయంలో విద్యార్థులెవరూ నష్టపోకూడదన్న ఉద్దేశంతో, పరీక్ష రాసిన అందరికీ మొత్తం మార్కులకి నాలుగేసి కలుపుతున్నామని నోటీసు వేశారు. ఏం రాసినా, ఏమీ రాయకపోయినా నాలుగు. నూరు దాటేవాళ్లకి నూరు దగ్గర ఆపుతారట. స్కూల్లో కొందరు టీచర్లు వచ్చి ఆవిడకి అభినందనలు చెప్పారు, సాధించారు టీచర్ అని. హెడ్మాస్టరు మిఠాయి తెప్పించబోయాడు. ఆవిడ చూసిన చూపుకి జేబులోంచి తీసిన చెయ్యి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం దర్జీ కూతురు కంప్యూటర్ల గది గుమ్మం దగ్గరికి వచ్చింది. నోటీసు చేత్తో రాసుకుని తెచ్చుకుంది.

"అరవయ్యో అతనికి కూడా నాలుగు కలిపారు టీచర్."

"అవును."

"అప్పుడు కూడా రెండు తేడా ఉంది. ఇప్పుడూ రెండే." పిల్ల గొంతు మామూలుగానే ఉంది. "అందరి చేతికీ సమానంగా డబ్బిస్తే ఎవరికీ ఏదీ చవకవదని మీరు చెప్పారు కదా. ఇదీ అంతే. నూరు దగ్గర ఆగిపోయినవాళ్లు పైన ఎక్కడో ఉన్నారు, వాళ్ల వల్ల నాకేం కలిసిరాదు. నేను ఇంకా అరవై రెండే."

వెయ్యి మంది చదువుకున్నవాళ్లు కలిసి చేసిన పనిని పదిహేడేళ్ల పిల్ల మూడు మాటల్లో విప్పి చూపించింది. అది విని గర్వపడాలో ఏడవాలో ఆవిడకి తెలియలేదు. మళ్లీ పరీక్షల ఆఫీసుకి పరుగెత్తింది. ఈసారి అధికారి లోపల లేడన్నారు. ఆయన కారు బయటే ఉంది. గుమాస్తా నీళ్లు నమిలాడు. చివరికి, జాబితా కాలేజీకి వెళ్లిపోయిందండీ, ఇంక మా చేతుల్లో లేదు అన్నాడు. ఆవిడ కాలేజీకి వెళ్లింది. మాకొచ్చిన జాబితా ప్రకారం మేం తీసుకుంటాం, దానిలో తప్పుంటే పరీక్షల ఆఫీసుని అడగండి అన్నారు. వనరుల కేంద్రానికి కూడా వెళ్లింది. తియ్యగా మాట్లాడిన ఆఫీసరు ఇప్పుడూ తియ్యగానే మాట్లాడాడు. పుస్తకం బాగా పోయింది మేడమ్, రెండోసారి వేస్తున్నాం, మీ నాలుగో కాలమ్ ఈసారి తప్పకుండా చూస్తాం అన్నాడు. ఆవిడ ఆయన గదిలో నిలబడి ఏమేం అందో బయట బల్లల దగ్గరున్నవాళ్లందరికీ వినపడింది. ఎవరూ తలెత్తలేదు. చేతులు దులుపుకున్నవాళ్లకి చెవులు మూసుకోవడం పెద్ద కష్టమేం కాదు.

కాలేజీ మొదలైంది. అరవై మంది చేరారు. ధరలు తగ్గుతాయని రాసి లోపలికెళ్లినవాళ్లు అందులో ఎందరున్నారో లెక్కపెట్టే ఓపిక కూడా ఆవిడకి లేకపోయింది. దర్జీ పెద్ద కూతురు కొట్లో రెండో మిషను ముందు కూర్చుంది.

ఇది జరిగిన నెలన్నరకి, కొత్త పదకొండో తరగతి పిల్లల్ని సెక్షన్లుగా విడగొట్టే రోజు దర్జీ స్కూలుకి వచ్చాడు. మెడలో కొలతల టేపు అలాగే ఉంది, కొట్టు మధ్యలో వదిలేసి వచ్చినట్టున్నాడు. వెనకాల చిన్న కూతురు. ఆ పిల్లకి ఈ ఏడు అర్థశాస్త్రంలో ఆవిడ సెక్షనే వచ్చింది. స్టాఫ్ రూమ్‌లో ఆవిడ తప్ప ఎవరూ లేరు. ఆవిడ కుర్చీ చూపించింది. ఆయన కూర్చోలేదు.

"పెద్దది ఎలా ఉంది?" అని అడిగింది.

"బాగానే ఉందమ్మా. లైనింగు గుడ్డ ఎక్కడ ఎంతకి కొనాలో అదే చూసుకుంటోంది. నాకే పాఠాలు చెబుతుంది కొట్లో. మీరు నేర్పినవే అన్నీ. మీ మీద కోపం ఏమీ లేదమ్మా. అది ముందు చెప్పాలని వచ్చాను. దాని కోసం మీరు తిరిగినట్టు నేను కూడా తిరగలేదు."

"మరి ఇంకేం చెప్పాలని వచ్చారు?"

ఆయన జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. సెక్షన్ మార్పు దరఖాస్తు.

"చిన్నదాన్ని పక్క సెక్షన్‌లో వేయిద్దామనుకుంటున్నానమ్మా. అక్కడి సారు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెబుతాడట కదా."

"తప్పున్నా సరే ఉన్నట్టే చెబుతాడు."

"తెలుసమ్మా. పెద్దది చెప్పింది." టేపు కొసని వేలికి చుట్టుకుంటున్నాడు. "నా కొట్టుకి ఒకాయన వస్తాడు. భుజాలు ఇంత వెడల్పు పెట్టమంటాడు. ఆయనకి నప్పవని చెబుతాను. ఒకసారి చెబుతాను. వినకపోతే ఆయన చెప్పినట్టే కుడతాను. కుట్టకపోతే ఇంకో కొట్టుకి పోతాడు, నేను ఆకలితో కూర్చోవాలి. మార్కులేసేవాళ్లకి వెడల్పు భుజాలే కావాలి, ఏం చెయ్యను. ఇద్దరు పిల్లల్నీ మిషను మీద కూర్చోబెట్టలేనమ్మా."

ఆవిడ నోటికి వంద మాటలొచ్చాయి. పరీక్షల అధికారిని అనాల్సినవి, ప్రశ్న వేసినవాణ్ని అనాల్సినవి, పేజీ అందం చెడుతుందన్న మనిషిని అనాల్సినవి. ఎదురుగా వాళ్లలో ఒక్కడూ లేడు. మెడలో టేపుతో ఈయన నిలబడ్డాడు, ఈయన్ని అనడానికి ఒక్క మాటా లేదు. జీవితంలో మొదటిసారి ఆవిడ కోపానికి కూర్చోవడానికి చోటు దొరకలేదు. పిల్ల వంక తిరిగింది.

"నీకేం ఇష్టం?"

చిన్న పిల్ల నాన్న వంక చూసింది, తర్వాత ఆవిడ వంక చూసింది. "అక్క మీ క్లాసులోనే ఉండమంది టీచర్" అంది. అని, తల దించుకుంది. "కానీ నాకు కాలేజీకి వెళ్లాలని ఉంది."

దరఖాస్తు మీద పిల్లని పంపించే టీచర్ కారణం రాసి సంతకం చెయ్యాలి. మామూలుగా అక్కడ వ్యక్తిగత కారణాలు అని రాస్తారు. ఆవిడ కూడా అదే రాస్తుందనుకుని, దర్జీ మూత తీసిన పెన్ను ముందుకి చాపాడు. ఆవిడ తన పెన్ను తీసుకుంది. కళ్లజోడు పెట్టుకుని, ఒత్తి ఒత్తి, కింద కాగితం మీద కూడా అచ్చు పడేంతగా రాసింది:

'కారణం: ఈ సెక్షన్‌లో సరైన జవాబు నేర్పుతారు. అది రాసినందుకు ఈ పిల్ల అక్క సీటు పోగొట్టుకుంది.'

కింద సంతకం పెట్టి, తేదీ వేసి, కాగితం తిప్పి ఆయన చేతికిచ్చింది. దర్జీ పెదాలు కదుపుతూ చదువుకున్నాడు. రెండోసారి కూడా చదివాడు.

"ఇలా రాస్తే ఆఫీసులో తీసుకుంటారా అమ్మా?"

"తీసుకోకపోతే, తప్పెక్కడుందో చూపించమని నా దగ్గరికి పంపండి" అంది.